ముప్పై ఒకటో మజిలీలో సున్న

మా బావ అర్విడ్ స్కొగెన్ ముప్పై ఎనిమిదేళ్లు జున్ను ఫ్యాక్టరీలో పనిచేశాడు. పాలలోంచి మీగడ విడదీసే యంత్రాల హోరులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, ఒళ్లంతా విరుగుడు వాసనతో ఇంటికొచ్చేవాడు. అయినా ఈ విస్కాన్సిన్ కొండల్లో ఎవర్ని అడిగినా జున్ను అర్విడ్ అనరు, పిట్టల అర్విడ్ అంటారు. ఏడాదికి ఒక్క రోజు చేసే పనికి ఆయనకంత పేరు.

నేను వెర్నాని. అర్విడ్ భార్య మావిస్ మా అక్క. ఇరవై తొమ్మిదేళ్లు పసుపు రంగు స్కూలు బస్సు నడిపాను. అరుస్తూ బతికినదాన్ని, నాకు మాట్లాడకుండా ఉండటం చేతకాదు. "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని మా అక్క ఊరందరి ముందూ అనేది. అలాంటి నేను ఒక్క మాటను ఎనిమిదేళ్లు నోట్లో దాచుకున్నాను. ఆ మాట దాచుకోకుండా ఉండాల్సింది. ఇదంతా అందుకే చెబుతున్నాను.

ఆయన చేసే పని ఇదీ. ఏటా జూన్ నెలలో దేశమంతటా వేలమంది తలా ఒక దారి పట్టుకుని పిట్టల్ని లెక్కపెడతారు. ఏటా అదే దారి, దారి పొడుగునా అర మైలుకొకటి చొప్పున అవే యాభై మజిలీలు. పొద్దు పొడవకముందే అరగంట ఉందనగా మొదలుపెట్టాలి. ఒక్కో మజిలీలో సరిగ్గా మూడు నిమిషాలు నిలబడి, కనిపించినవీ వినిపించినవీ చెప్పాలి. పక్కన కారు నడిపేవాళ్లు ఉండొచ్చు, చెప్పింది కాగితం మీద రాసేవాళ్లు ఉండొచ్చు. కానీ లెక్క మాత్రం ఒక్క మనిషి చెవులది, కళ్లది. రాసేవాళ్లు "అదిగో, అటు చూడు" అనకూడదు. వేలు ఎత్తకూడదు. గొంతు సవరించకూడదు.

ఎందుకూ అని నేను మొదట్లోనే అడిగాను. "ఈ ఏడు రెండు చెవులు విని, వచ్చే ఏడు నాలుగు చెవులు వింటే, పిట్టలు పెరిగినట్టా చెవులు పెరిగినట్టా?" అన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. నార్వే వాళ్ల రక్తం, నోటికి తాళం వేసుకుని పుడతారు.

మొదటి పంతొమ్మిదేళ్లు మా అక్కే ఆయన పక్కన కూర్చుని రాసింది. పిల్లల్లేరు వాళ్లకి. ఆ జూన్ ఉదయం ఆ ఇద్దరికీ పండగ. ఫ్లాస్కు నిండా కాఫీ, రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె ముక్కలు, మోకాళ్ల మీద రాత అట్ట. 2010 మార్చిలో అక్క పోయింది. కడుపులో గడ్డ. జూన్ మొదటి వారంలో అర్విడ్ మా గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"మరదలా, శనివారం కారు నడిపిపెడతావా?"

"ఎక్కడికి బావా?"

"ఎక్కడికీ కాదు. యాభై చోట్ల ఆగాలి."

"బస్సు డ్రైవర్ని. ఆగడం నాకు నేర్పాలా?"

"ఆగడం కాదే. నోరు మూసుకోవడం నేర్చుకోవాలి."

అక్క పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నేను ఒప్పుకున్నాను.

ఆ ఏడాదంతా ఆయన నాకు పిట్టల పాటలు నేర్పాడు. రాసేదానికి ఎందుకూ అంటే, "పేరు చెప్పగానే ఏ వరసలో రాయాలో తెలియద్దూ?" అనేవాడు. నాకు బాగా పట్టుబడింది మిడత పిచ్చుక. పిడికెడైనా ఉండదు. గడ్డి రంగు ఒళ్లు, చదును తల. గడ్డి మొదట్లో నేల మీదే గూడు పెడుతుంది. దాని పాట అసలు పాటే కాదు. రెండు సార్లు టిక్కు టిక్కుమని, ఆ తర్వాత సన్నగా, పైశ్రుతిలో, కోటు జిప్పు లాగినట్టు ఒక్క జీర. మిడత చప్పుడులా ఉంటుందనే ఆ పేరు. మొత్తం దారిలో అది ఒక్క చోటే ఉండేది. ముప్పై ఒకటో మజిలీలో, కొండ మీద స్టాన్లీ కౌబా గడ్డి చేను దగ్గర.

నలభై ఎకరాల చేను అది. కౌబా తాత ఆ నేల కొన్నప్పటినుంచీ నాగలి పడలేదు. మామూలుగా ఇక్కడ జూన్ మొదట్లోనే ఆవుల కోసం గడ్డి కోసేస్తారు, అప్పుడే అది లేతగా ఉంటుంది. పిచ్చుక పిల్లలు గుడ్లలోంచి బయటపడేదీ అప్పుడే. అందుకని కౌంటీ, అంటే మా జిల్లా ఆఫీసువాళ్లు కౌబాతో ఒక ఒప్పందం పెట్టుకున్నారు. జూలై సగం దాకా అతను కొడవలి పెట్టడు, చేను దున్నడు. అయిదేళ్లకోసారి ఆ ఒప్పందాన్ని పొడిగించాలా వద్దా అని చూస్తారు. చూసేటప్పుడు ముందు పెట్టుకునే కాగితం మా బావ లెక్కే. ఆ కొండ మీద పిట్టల్ని వినే మనిషి ఇంకొకడు లేడు మరి.

నేను చేరిన ఏడు ముప్పై ఒకటో మజిలీలో మిడత పిచ్చుకలు తొమ్మిది. ఆ తర్వాతి ఏళ్లలో ఏడు, ఎనిమిది, మళ్లీ తొమ్మిది. ఆ సంఖ్య చెప్పేటప్పుడు ఆయన గొంతులో చిన్న గర్వం ఉండేది, తనే గుడ్లు పెట్టి పొదిగినట్టు.

2016 జూన్‌లో ఆ మజిలీలో దిగాం. మంచుబిందువులతో గడ్డి వంగిపోయి ఉంది. నాకు కుడివైపు రెండు వినిపించాయి, ఎడమవైపు కంచె దగ్గర ఒకటి, దూరంగా ఇంకో అయిదు. అర్విడ్ మూడు అన్నాడు. నా పెన్సిల్ ఆగింది.

"రాసుకో. మూడు."

మూడు అని రాశాను. పాపం, ఎక్కడో పరధ్యానంలో ఉన్నాడు అనుకున్నాను. మరుసటి ఏడు ఒకటి అన్నాడు. ఆ ఒక్కటీ కంచె స్తంభం మీద కూర్చుని కళ్లకు కనిపించింది. అప్పటికి నాకు అర్థమైంది.

ఆ శీతాకాలం ఆయన ఇంటికి సూప్ పట్టుకెళ్తే, వసారాలో పొగ పసిగట్టే అలారం కీచుమంటోంది. బ్యాటరీ అయిపోతే నిమిషానికోసారి కీచుమంటుందే, అదీ. ఎన్ని వారాలనుంచి కూస్తోందో! ఆయన దాని కిందే కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. నాతో మాత్రం మామూలుగా మాట్లాడాడు, ప్రతి మాటకీ సరైన జవాబిచ్చాడు. మాటలు వినపడుతున్నాయి. పైశ్రుతి ఒక్కటే పోయింది. ఆయన కాఫీ కలిపే లోపల నేను స్టూలెక్కి బ్యాటరీ మార్చేశాను. చెవుల సంగతి ఆయనతో ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదని అడగండి. అడగాలి కూడా. దానికి కొన్నేళ్ల ముందు పక్క దారి లెక్కపెట్టే ముసలాయనకి చెవులు మందగించాయని తెలిసి అర్విడ్ ఏమన్నాడో నాకు గుర్తుంది. "చెవులు పోయాక ఆ కాగితం మీద సంతకం పెట్టడం, కోర్టులో దొంగ సాక్ష్యం చెప్పడం ఒకటే" అన్నాడు. అందరి ముందూ, చర్చి కింది గదిలో. ఆ ముసలాయన కాఫీ కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు. అలాంటి మనిషికి నేను ఏ నోటితో చెప్పను? అక్క పోయాక ఆయనకు మిగిలింది ఆ ఒక్క ఉదయం. ఆ ఉదయం కోసమే మిగతా ఏడాదంతా బతికేవాడు. మేలో కొత్త పెన్సిళ్లు చెక్కుకునేవాడు. అవన్నీ నిజమే. నేను పిరికిదాన్ని అన్నది కూడా నిజమే.

ఒకసారి ప్రయత్నించాను. "బావా, చెవుల డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లొద్దామా? నాకూ చూపించుకోవాలి" అన్నాను.

"నీకు నోటి డాక్టరు కావాలి" అన్నాడు. అంతటితో అయిపోయింది.

2018లో ముప్పై ఒకటో మజిలీలో మొదటిసారి సున్న. చేను నిండా జిప్పులు లాగుతున్నట్టు మోగిపోతోంది. అర్విడ్ టోపీ తీసి చెయ్యి చెవి వెనక పెట్టుకుని మూడు నిమిషాలూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన నావైపు తిరిగాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పోయాయే, వెర్నా. మిడత పిచ్చుకలు పోయాయి."

మింగలేక కక్కలేక అంటారు చూడండి, అది నాకు ఆ రోజు తెలిసింది. ఆయన ఏడుస్తున్నది ఆ పిట్టల కోసం. ఆ పిట్టలేమో ఆయన చుట్టూ పాడుతున్నాయి. నేను సున్న చుట్టాను. పెన్సిల్ ముల్లు విరిగింది. ఇంకో పెన్సిల్ తీసి మళ్లీ చుట్టాను.

మహమ్మారి వచ్చిన ఏడాది లెక్కే జరగలేదు. మిగతా అన్ని ఏళ్లూ సున్నే. 2023కి సున్నాలు అయిదు. ఆయన ఊరి పేపరుకి ఉత్తరం కూడా రాశాడు, మా కొండ మీద ఒక పాట ఆగిపోయింది అని. జనం కత్తిరించి ఫ్రిజ్ తలుపులకు అతికించుకున్నారు. నేను ఆ కాగితం ఎవరింట్లో కనిపించినా తల తిప్పుకునేదాన్ని.

కౌబా ఒప్పందం 2023 చివరికి ముగిసింది. కౌంటీవాళ్లు పొడిగించలేదు. కాపాడటానికి పిట్ట లేనప్పుడు ఎందుకని. మరుసటి ఫిబ్రవరిలో ఒక శుక్రవారం చేపల వేపుడికి హోటల్లో కూర్చున్నాం. కౌబా వచ్చి మా బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నాడు. మంచివాడే. చెక్ దేశం మూలాలున్న మనిషి, నోరు పెద్దది, గుండె మెత్తన. అర్విడ్‌తో కలిసి బడికెళ్లినవాడు.

"ఏరా అర్విడ్, ఈ జూన్‌లో ఒక కోత గడ్డి తీసుకుని, పైచేను దున్ని సోయా వేద్దామనుకుంటున్నా. కాగితాల సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. ఆ నీ పిట్టలు ఒక్కటైనా ఉన్నాయంటే నేను ముట్టుకోను. ఒట్టు."

అర్విడ్ ఫోర్కు కింద పెట్టాడు. "లేవు స్టాన్లీ. ఆరేళ్లుగా లేవు. ఉంటే నేను చెప్పనా?"

నా నోట్లో చేప ముక్క అలాగే ఉండిపోయింది. ఎలాగో మింగి అన్నాను. "నాకు వినిపించినట్టే ఉంటుంది, బావా. జూన్‌లో. మిడత పిచ్చుక."

"నీకా?" అర్విడ్ నవ్వాడు. "అవి మిడతలేమో."

కౌబా బల్ల గుద్ది మరీ నవ్వాడు. "ముప్పై ఏళ్లు బస్సులో పిల్లల కేకలు విన్న చెవులు, వదినా! ఇంకా పనిచేస్తున్నాయా?"

పక్క బల్లవాళ్లూ నవ్వారు. జూన్ మొదట్లో మిడతలు కూయవు, అది అక్కడ అందరికీ తెలుసు. అయినా నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంకొక్క మాట అంటే, నీ చెవులు పోయాయని అందరి ముందూ చెప్పినట్టే. ఆయన ఆ ముసలాయన్ని అన్నట్టే.

రెండు వారాలు నిద్రపట్టలేదు. ఒకరోజు కౌబా పాలకొట్టం దగ్గరికి ఒంటరిగా వెళ్లాను. ఉన్నాయి, దున్నద్దు అని చెప్పాను. ఆవు పొదుగు కడుగుతూ విన్నాడు. నవ్వలేదు ఈసారి.

"వదినా, ఆ కాగితాలు నేనూ చూశాను. సున్నాలు రాసింది నీ చెయ్యే కదా?"

"నేను రాశాను. చెప్పింది ఆయన."

"మరి రాసేటప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పకూడదు. అది రూలు."

అతను నావైపు చూశాడు. పిచ్చిదాన్ని చూసినట్టు కాదు. జాలిగా. "పోనీ వాణ్ణి ఒక్క మాట చెప్పమను. అర్విడ్ ఉందంటే ఉంది నాకు" అన్నాడు. కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి కూడా అదే చెప్పింది, లెక్కపెట్టినాయన చేత ఉత్తరం రాయించమని. ఏ దారి పట్టుకున్నా అర్విడ్ గుమ్మం దగ్గరికే చేరుతోంది. ఆ గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ జున్ను ముక్కలు తిని, వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాను.

అదే వసంతంలో పానియా వూ అని ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో చదువు. లావోస్‌నుంచి వచ్చి స్థిరపడిన మోంగ్ వాళ్లమ్మాయి, వాళ్ల అమ్మ శనివారం సంతలో కూరగాయలు అమ్ముతుంది, నాకు తెలుసు. అర్విడ్ దారిలో యాభై మజిలీల దగ్గరా కంచె స్తంభాలకు చేతిలో పట్టేంత ఆకుపచ్చ పెట్టెలు కడతానంది. అవి రాత్రింబగళ్లు చప్పుళ్లు పట్టి ఉంచుతాయట, ఏ పిట్ట ఎన్నిసార్లు కూసిందో కంప్యూటరు విడదీసి చెబుతుందట. మనుషుల లెక్కనీ యంత్రాల లెక్కనీ పోల్చడం ఆమె చదువు.

"చెరువులో గ్లాసుడు నీళ్లు పట్టుకెళ్లి అందులో ఏ చేపలున్నాయో కూడా చెప్పేస్తున్నారు, స్కొగెన్ గారూ" అంది.

"రేపు నా కాఫీ కప్పు పట్టుకెళ్లి నా వయసు చెప్తారు" అన్నాడు అర్విడ్. కానీ ఆ అమ్మాయంటే ఇష్టపడ్డాడు. "కట్టుకో తల్లీ. పెట్టెలకి నా అంత ఓపిక ఉంటుందా అని చూద్దాం."

నేనేమనుకున్నానో చెప్పనా? ఆ పెట్టె చెబుతుంది అనుకున్నాను. నేను చెప్పలేనిది ఆ ఆకుపచ్చ పెట్టె చెబుతుంది, నా పీడ విరగడవుతుంది అని. సిగ్గుమాలిన ఆశ. దాన్ని పట్టుకుని మే నెలంతా హాయిగా పడుకున్నాను.

జూన్ ఎనిమిది శనివారం లెక్కపెట్టాం. ముప్పై ఒకటిలో సున్న. సోమవారం కౌబా గడ్డి కోశాడు. మంగళవారం ఆ పచ్చిగడ్డి తరిగి, ఆవుల మేతకి పాతరేయడానికి తీసుకెళ్లిపోయాడు. ఇవేవీ మాకు తెలియవు. ఆ కొండ మీదికి లెక్క రోజు తప్ప వెళ్లే పనుండదు.

బుధవారం పొద్దున పానియా అర్విడ్ ఇంటికి పరుగున వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మాయి ముఖం వెలిగిపోతోంది.

"స్కొగెన్ గారూ, మీకొక మంచి కబురు! ముప్పై ఒకటిలో మిడత పిచ్చుకలు ఉన్నాయి! పోలేదు! ఆదివారం పెట్టెల్లోంచి మెమరీ కార్డులు తీసుకెళ్లి చూశాను. తొమ్మిదో పదో మగవి!"

అర్విడ్ లేచి నిలబడ్డాడు. ఆ ముఖంలో మొదట వచ్చింది సంతోషం. అది నేను చూశాను. దేవుడా, అది చూడకుండా ఉంటే బాగుండేది.

"ఎప్పుడు? ఏ రోజున?"

"రోజూ. మీరు లెక్కపెట్టిన రోజున కూడా. వినండి."

ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి మీట నొక్కింది. మా కారు తలుపు మూసిన చప్పుడు. అడుగులు. ఆ తర్వాత మూడు నిమిషాలు. వంటింటి నిండా మిడత పిచ్చుకలు, ఒకదాని మీద ఒకటి, జిప్పు తర్వాత జిప్పు. వాటి మధ్యలో అర్విడ్ గొంతు, స్పష్టంగా. "ముప్పై ఒకటి. మిడత పిచ్చుక, ఏమీ లేదు. రాసుకో వెర్నా." ఆ మాట మీదనుంచే ఒక పిట్ట కూసింది.

అర్విడ్ తల వంచి చెవి ఆ యంత్రానికి ఆనించాడు.

"నా మాట వినిపిస్తోంది" అన్నాడు. "పిట్ట ఏదీ?"

పానియా నవ్వు ఆగిపోయింది. తెరమీద నల్లని గీతలు చూపించింది. ఒక్కో గీతా ఒక్కో కూత. వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. ఆయన గీతల్ని చూడలేదు. నావైపు చూశాడు.

"ఉందా, వెర్నా?"

"ఉంది, బావా."

"నీకు వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"ఎన్నాళ్లనుంచి?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు. "ఎనిమిదేళ్లు" అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కోప్పడతాడని చూశాను. కోప్పడితే బాగుండేది. "నువ్వు రూలు పాటించావు. నేను నేర్పిందే" అన్నాడు. కర్రతో కొట్టినా అంత నొప్పి పుట్టి ఉండదు. నేను పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. పాపం ఆ అమ్మాయి నా భుజం పట్టుకుంది, ఏం జరిగిందో అర్థంకాకుండానే.

అర్విడ్ ఉన్నట్టుండి లేచాడు. "స్టాన్లీ! స్టాన్లీకి చెప్పాలి. ఇంకా కోసి ఉండడు. పద, పద!"

కౌబా ఫోన్ ఎత్తలేదు. ట్రాక్టరు మీద ఉన్నాడు మరి. ముగ్గురం కారెక్కాం. బస్సు నడిపినన్నేళ్లలో ఎప్పుడూ పోనంత వేగంగా కారు పోనిచ్చాను. కొండ మలుపు తిరగగానే నల్లగా కనిపించింది. నలభై ఎకరాల్లో ముప్పై దాకా దున్నేశాడు. మిగతాది మొదళ్లకు కోసిన గడ్డి, పసుపుగా. నాగలి ఆ చివర్నుంచి మావైపే వస్తోంది.

అర్విడ్ చాళ్ల మీద పడుతూ లేస్తూ ట్రాక్టరుకి ఎదురుగా వెళ్లాడు. డెబ్బై ఏడేళ్లు ఆయనకి. కౌబా ఇంజను ఆపేసి దిగాడు.

"ఉన్నాయి స్టాన్లీ. ఉన్నాయి. ఆపెయ్."

"ఏమున్నాయిరా?"

"పిచ్చుకలు. నాకు వినపడలేదు. ఉన్నాయి. నాకే వినపడలేదు."

కౌబా టోపీ తీశాడు. దున్నిన నేలనీ, కోసిన మొదళ్లనీ చూశాడు. అతని ముఖం కందిపోయింది. "ఇప్పుడా చెప్పేది? నిన్ను అడిగానా లేదా? అందరి ముందూ అడిగానా లేదా అర్విడ్? ఒట్టేశాను కూడా!"

"అడిగావు."

"మరి నేనేం చెయ్యను? సోమవారమే కోసేశాను. ఆ గూళ్లన్నీ..." అని ఆగిపోయాడు. నాగలి వైపు చెయ్యి చూపించి, ఆ చెయ్యి దించేశాడు. "ఈ పదెకరాలూ వదిలేస్తాను. వదిలేస్తే మాత్రం ఏం మిగిలిందిరా ఇందులో?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ పదెకరాలు. అందులోనూ గడ్డి లేదు, గూడు లేదు. పానియా మోకాళ్ల మీద కూర్చుని మొదళ్లు వెతికింది. ఆమెకి ఏదో దొరికింది. మాకు చూపించకుండా చొక్కా జేబులో పెట్టుకుంది. నేనూ అడగలేదు.

కంచె తీగ మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. చదును తల. మేం అక్కడికి పది అడుగుల దూరం కూడా లేం. మెడ వెనక్కి వంచి, నోరు బార్లా తెరిచి, ఒళ్లంతా వణికిస్తోంది. అర్విడ్ దానికి ఎదురుగా నిలబడ్డాడు.

"నోరు తెరుస్తోంది" అన్నాడు. "పాడుతోందా, వెర్నా?"

"పాడుతోంది, బావా."

"గట్టిగానా?"

"గట్టిగానే."

పిట్ట ఎగిరిపోయాక కూడా కాసేపు ఆ తీగనే చూశాడు.

మరుసటి వారం పిట్టల లెక్కల ఆఫీసుకి ఉత్తరం రాశాడు. ఫలానా ఏళ్ల సున్నాలు పిట్టలవి కావు, నా చెవులవి, దయచేసి కొట్టెయ్యండి అని. ముప్పై మూడేళ్ల సేవకి ధన్యవాదాలు చెబుతూ అందంగా అచ్చువేసిన జవాబు వచ్చింది. అంత పాత లెక్కల్ని ఒక్కొక్కటిగా దిద్దే పద్ధతి లేదని, ఆయన మాట మాత్రం పక్కన రాసి ఉంచుతామని కింద రెండు వాక్యాలు. తప్పుబట్టడానికి లేదు. వాళ్లకి మాత్రం ఏం తెలుసు? ఆయన దారి వదిలేశాడు. చెవి యంత్రాలు తెచ్చుకున్నాడు. వాటితో పొగ అలారం వినిపిస్తుంది, అంతే.

దారి పానియాకి ఇచ్చారు. ఈ ఏడు జూన్‌లో రాయడానికి నన్ను రమ్మంది. వద్దనుకున్నాను. అర్విడే వెళ్లమన్నాడు. "వెళ్లు. ఆ పిల్లకి దారి తెలియదు" అన్నాడు.

ముప్పై ఒకటిలో దిగాం. రోడ్డు ఇవతలినుంచి కొండ అంచు దాకా సోయా మొలకలు, వరసలు వరసలుగా. కౌబా వదిలిన పదెకరాల్లో ఎత్తుగా కలుపు పెరిగింది. మూడు నిమిషాలు. రాబిన్ పిట్ట ఒకటి, కాకులు రెండు, దూరంగా ఎవరిదో కుక్క. నేను చెవులు రిక్కించి విన్నాను. ఇరవై ఏడేళ్ల పిల్ల, పాము చెవులు, ఆ అమ్మాయీ విన్నది. టైము అయ్యాక కూడా ఆమె కదల్లేదు. నేనూ తొందరపెట్టలేదు.

మధ్యాహ్నం వచ్చేసరికి అర్విడ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మిగతా నలభై తొమ్మిది చోట్ల గురించి అడగలేదు.

"ముప్పై ఒకటి?"

"ఏమీ లేవు, బావా."

"ఆ అమ్మాయి సరిగ్గా విన్నదా?"

"విన్నది."

"నువ్వు?"

"నేనూ విన్నాను. పెట్టె కార్డు కూడా చూశాం. దాంట్లోనూ లేవు."

ఆయన చెవి యంత్రం తీసి అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో తుడిచాడు.

"చూశావా," అన్నాడు, "చివరికి నా లెక్కే నిజం చేశాను."